డ్రయ్యర్ కొనే ముందు డాబా తాళం అడగండి

మణికొండలో ఫ్లాటు కొన్నవాళ్ళూ, అద్దెకి దిగినవాళ్ళూ ఎప్పుడో ఒకప్పుడు చేసే పని ఒకటుంది. టేపు పట్టుకుని వాష్ ఏరియాలో నిలబడి "ఇందులో ఏం పడుతుందా" అని కొలవడం. ఈమధ్య ఆ వంతు మాకొచ్చింది. పదేళ్ళ నాటి టాప్ లోడ్ మిషను రిటైరైపోయింది. అమెరికాలో ఉన్న నాలుగేళ్ళూ తడి బట్టలు డ్రయ్యర్లో పడేసి మర్చిపోవడం అలవాటైన మా ఆవిడ "ఈసారి డ్రయ్యర్ కూడా తీసుకుందాం" అంది. నేను మామూలుగానే ఎక్సెల్ షీటు తెరిచాను :)

ముందు కొలతలు. అమెరికన్ మిషన్లు మామూలుగా 27 అంగుళాల వెడల్పు, అంటే దాదాపు 69 సెంటీమీటర్లు. యూరప్ వాళ్ళవి 60 సెంటీమీటర్ల వెడల్పు, 85 ఎత్తు. వాళ్ళ వంటగట్టు కింద దూరేలా పెట్టుకున్న కొలత అది. మన ఊళ్ళో దొరికే ఫ్రంట్ లోడ్ మిషన్లన్నీ దాదాపు ఇదే కొలత. మా వాష్ ఏరియా నాలుగడుగులకి ఐదడుగులు, తలుపు రెండున్నర అడుగులు. యూరప్ మిషనైతే హాయిగా వెళ్తుంది. వాషర్ మీద డ్రయ్యర్ ఎక్కిస్తే మొత్తం 170 సెంటీమీటర్ల ఎత్తు. నేల మీద ఆక్రమించే జాగా ఒక్క మిషనుదే. అయితే కేటలాగులో రాసిన లోతుని నమ్మకండి. వెనకాల పైపులకి ఇంకో ఐదు నుంచి పది సెంటీమీటర్లు కావాలి, ముందు తలుపు తెరుచుకోవాలి.

ఇక డ్రయ్యర్లలో రకాలు. అమెరికాలో ఎక్కువగా చూసేది వేడి గాలిని గొట్టంతో బయటికి పంపేసే రకం. ఫ్లాట్లలో గోడకి కన్నం పెట్టే వీల్లేక యూరప్ వాళ్ళు కండెన్సర్ రకానికి, తర్వాత హీట్ పంప్ రకానికి వెళ్ళారు. హీట్ పంప్ అంటే లోపల ఒక చిన్న ఏసీ ఉన్నట్టే. చల్లటి కాయిల్ గాలిలో తేమని నీళ్ళుగా దించేస్తుంది, వేడి కాయిల్ అదే గాలిని మళ్ళీ వేడెక్కిస్తుంది. బయటికి పారేసేది తక్కువ కాబట్టి కరెంటు కూడా తక్కువే.

"రెండెందుకు, రెండూ కలిసినది ఒకటే తీసుకోవచ్చుగా" అని మా టీంలో అందరూ చెప్పారు. షోరూంలో ఎవరూ చెప్పని సంగతులు రెండున్నాయి. ఒకటి, అందులో 8 కిలోలు ఉతికినా ఆరేది 5 కిలోలే. మిగతావి తీసి పక్కన పెట్టుకోవాలి. రెండోది అసలు సంగతి. ఈ రకంలో చాలావాటికి తేమని చల్లబరిచి నీళ్ళుగా మార్చడానికి కుళాయి నీళ్ళే కావాలి. అంటే బట్టలు *ఆరబెట్టడానికి* పదుల లీటర్ల నీళ్ళు! ఏప్రిల్లో ట్యాంకర్ కోసం అసోసియేషన్ గ్రూపులో కొట్టుకునే మనకి ఇంతకంటే జోకుంటుందా?

నీళ్ళ మాట వచ్చింది కాబట్టి ఇంకో రెండు ముక్కలు. బోరు నీళ్ళు ఎంత కఠినంగా ఉన్నాయో ఓసారి పరీక్ష చేయించండి. మన తాగునీటి ప్రమాణంలో కఠినత్వం లీటరుకి 200 మిల్లీగ్రాములు దాటకూడదు, వేరే గతి లేకపోతే 600 దాకా ఒప్పుకుంటారు. ఫ్రంట్ లోడ్ మిషను తన నీళ్ళు తనే వేడి చేసుకుంటుంది. నీళ్ళు వేడెక్కేకొద్దీ హీటరు మీద సున్నం పేరుకుంటుంది. అందుకే 60 డిగ్రీల ప్రోగ్రాం దుప్పట్లకీ తువ్వాళ్ళకీ ఉంచుకుని, మిగతావాటికి 30, 40 చాలు. రెండోది పై అంతస్తు వాళ్ళకి. ట్యాంకు అడుగు మీ కుళాయికి మూడు మీటర్ల పైనుంటే వచ్చే ప్రెషర్ 0.3 బార్. మిషనుకి కనీసం ఎంత కావాలో మాన్యువల్లో ఉంటుంది, డబ్బు కట్టక ముందే చూడండి.

ఇప్పుడు కరెంటు. ఇక్కడ ఫిజిక్సు కాస్త ఓపిగ్గా చదవండి. 7 కిలోల నూలు బట్టల్లో, 1400 ఆర్‌పీఎం దగ్గర పిండాక కూడా మూడున్నర లీటర్ల దాకా నీళ్ళుంటాయి. 800 దగ్గర ఆపితే ఐదు లీటర్ల పైన. లీటరు నీటిని ఆవిరి చెయ్యడానికి సుమారు 0.65 యూనిట్లు కావాలి. అంటే మూడున్నర లీటర్లకి 2.3 యూనిట్లు. మామూలు కండెన్సర్ డ్రయ్యర్ అంతకంటే ఎక్కువ తింటుంది, హీట్ పంప్ అంతకంటే తక్కువలో కానిస్తుంది. యూనిట్ 9 రూపాయలు వేసుకున్నా ఒక్క లోడుకి పాతిక, ముప్ఫై రూపాయలు. ఇస్త్రీ అబ్బాయికి ఇచ్చేదాని ముందు అదేం లెక్క! కాబట్టి బిల్లు చూసి భయపడక్కర్లేదు. ఖర్చంతా మిషను ధరలోనే ఉంది. హీట్ పంప్ డ్రయ్యర్ ధర చాలాసార్లు వాషర్ ధరని దాటిపోతుంది.

ఇక్కడిదాకా వచ్చాక షీటులో ఒక ప్రశ్న మిగిలింది. ఆ 2.3 యూనిట్ల పని మా అమ్మమ్మగారింట్లో ఎవరు చేసేవారు? సూర్యుడు. ఒక్క పైసా పుచ్చుకోకుండా.

యూరప్ వాడికి డ్రయ్యర్ ఎందుకంటే ఎండ లేక. మనకి వానాకాలం నాలుగు నెలలు పోగా మిగతా ఏడాదంతా ఎండే. మరి మనకెందుకు? మా వాష్ ఏరియాలో నిలబడి చెయ్యి చాపితే పక్క బిల్డింగు గోడ తగులుతుందేమో అనిపిస్తుంది. పంచవటి కాలనీ వెళ్ళండి, అల్కాపూర్ వెళ్ళండి, చాలా సందుల్లో ఇదే వరస. రెండు గోడల మధ్య ఎండ దిగదు, గాలి కదలదు. జులైలో తువ్వాలు మూడో రోజుకి కూడా ముక్కవాసనే. పైన డాబా మీద మాత్రం బ్రహ్మాండమైన ఎండ... దానికి తాళం! అడిగితే "బట్టలు ఆరేస్తే బిల్డింగు లుక్ పోతుందండీ" అన్నారు అసోసియేషన్ వాళ్ళు.

అంటే మనం డ్రయ్యర్ కొంటున్నది ఎండ లేక కాదు, ఉన్న ఎండకి తాళం వేసుకుని.

ఈ లుక్ గొడవ మనదొక్కళ్ళదే కాదు లెండి. అమెరికాలో కాలనీ సంఘాలు బట్టల తాళ్ళని నిషేధిస్తుంటే, అలా నిషేధించడం కుదరదని వెర్మాంట్ రాష్ట్రం 2009లో చట్టం చేసింది. స్విట్జర్లాండ్‌లో చాలా అపార్ట్‌మెంట్లకి ఉమ్మడి లాండ్రీ గది ఉంటుంది, ఎవరి వంతు ఏ రోజో పట్టీ ఉంటుంది. మన దగ్గర 2016 నాటి రెరా చట్టం ఉమ్మడి స్థలాల్లో టెర్రస్‌ని పేరుపెట్టి మరీ చెప్పింది. స్క్వేర్ ఫీట్ లెక్కన డబ్బులు కట్టింది లోపలి గదులకి మాత్రమే కాదు.

ఇంతకీ మా ఇంట్లో బట్టలు ఆరేసేది ఎవరు? మేమిద్దరం ఆఫీసుకి పోతే, అమ్మ. అరవై ఎనిమిదేళ్ళు, కుడి భుజం సరిగ్గా లేవదు. సీలింగ్‌కి బిగించిన రాడ్ల మీద తడి దుప్పటి వెయ్యాలంటే స్టూలెక్కాలి. నన్ను భయపెట్టేది కరెంటు బిల్లు కాదు, ఆ స్టూలు. డ్రయ్యర్ సంగతి చెప్తే ఆవిడ అన్నది ఇదీ: "ఒరేయ్, నాకు మిషనెందుకురా? ఆ తాడేదో చేతికందేట్టు కట్టించు, చాలు."

అదే చేశాం. తాడు లాగితే కిందకి దిగే కప్పీ హ్యాంగర్ పెట్టించాం. 1400 ఆర్‌పీఎం ఫ్రంట్ లోడ్ వాషర్ తీసుకున్నాం. దానిపైన డ్రయ్యర్‌కి జాగా వదిలి, 16 ఆంపియర్ల సాకెట్ ఇంకోటి వేయించాం. డాబా కోసం మీటింగులో రెండుసార్లు వాదన అయింది. చివరికి వెనకవైపు, రోడ్డుకి కనబడకుండా నాలుగు తాళ్ళకి ఒప్పుకున్నారు. పొద్దున 9 నుంచి సాయంత్రం 5 దాకా తాళం వాచ్‌మన్ దగ్గర. లిఫ్ట్ చివరి అంతస్తు దాకానే కాబట్టి ఆ పై మెట్లు అమ్మ ఎక్కదు. దుప్పట్లు శని, ఆదివారాలు నా డ్యూటీ.

డ్రయ్యరే వద్దని నేననను. చంటిపిల్లలున్న ఇల్లు, మెట్లెక్కలేని పెద్దవాళ్ళు మాత్రమే ఉన్న ఇల్లు, డాబా ఎప్పటికీ తెరుచుకోని బిల్డింగు... ఇలాంటిచోట హీట్ పంప్ డ్రయ్యర్ విలాసం కాదు. కొనండి, విడిగా కొనండి, నీళ్ళు తాగేది మాత్రం వద్దు. వచ్చే వానాకాలం అమ్మకి కష్టమనిపిస్తే మేమూ కొంటాం, జాగా సిద్ధంగానే ఉంది.

కానీ షోరూంకి వెళ్ళే ముందు ఒక్క పని చెయ్యండి. మీ బిల్డింగు డాబా తాళం ఎవరి దగ్గరుందో కనుక్కోండి. అరవై వేల ప్రశ్నకి అక్కడ ఉచితంగా జవాబు దొరకొచ్చు.