పెన్సిలు తాకని ముఖం

మా అమ్మ సంవత్సరీకం దగ్గర పడుతుండగా, ఆమె ఫోటో ఒకటి పెద్దది చేయించి పటం కట్టించాలన్న ప్రస్తావన వచ్చింది. అన్నయ్య బీరువాలోంచి పోస్టుకార్డంత నలుపు తెలుపు ఫోటో తీసి బల్ల మీద పెట్టాడు. పందొమ్మిదేళ్ళ అమ్మ, జడ ముందుకు వేసుకుని, నున్నని చెంపలతో, కొద్దిగా పక్కకు తిరిగి ఎటో చూస్తున్నది.

“అమ్మది ఇంతకంటే మంచి ఫోటో మన దగ్గర లేదు” అన్నాడు.

నిజానికి చాలా అందమైన ఫోటో. అందులో ఉన్నది మా అమ్మ కాదన్నదొక్కటే నా అభ్యంతరం.

అమ్మకు ఏడవ యేట అమ్మవారు పోసింది. ప్రాణం దక్కింది కాని ముఖం నిండా స్ఫోటకపు గుంటలు మిగిలాయి. ఎడమ కనుబొమను రెండుగా చీలుస్తూ ఒక పెద్ద మచ్చ ఉండేది. మశూచి వ్యాధి మన దేశంలో 1975లో కడపటిసారి కనిపించింది. 1980 నాటికి ప్రపంచంలోనే లేకుండా పోయిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. కనుక నేటి పిల్లలకు ఆ మచ్చలంటే ఏమిటో తెలియకపోవచ్చు. నా చిన్నతనంలో మాత్రం అటువంటి ముఖాలు వీధికి ఒకటి రెండైనా ఉండేవి. నాకు అమ్మ ముఖమంటే అదే. పసితనంలో ఆ గుంటలను వేలితో తడుముతూ నిద్రపోయేదాన్నని ఇంట్లో చెప్పేవారు.

అన్నయ్య చూపిన ఫోటో పెళ్ళి సంబంధాల కోసం తీయించినది. తాతయ్య అమ్మను పట్నంలోని ఒక స్టూడియోకు తీసుకువెళ్ళాడట. ఆ రోజుల్లో స్టూడియో పనిలో సగం నేర్పు కెమెరా దగ్గర కాక, ఆ తరువాత పెన్సిలు దగ్గర ఉండేది. ముఖంలోని నీడలు నెగెటివ్‌లో తేటగా, పారదర్శకంగా కనిపిస్తాయి. ఫోటోగ్రాఫరు ఆ నెగెటివ్‌ను వాలుబల్ల మీద, వెనుకనుంచి వెలుతురు పడేలా అమర్చుకుని, పెన్సిలు పట్టేందుకు పలుచని ద్రవం పూసి, సూదిలా చెక్కిన సీసపు మొనతో ఒక్కొక్క మచ్చనూ పూడ్చుకుంటూ పోతాడు. పెన్సిలు పడినచోట కాంతి ఆగుతుంది. కాగితం మీద ఆ చోటు తెల్లబడుతుంది. గంటల తరబడి కళ్ళు పొడుచుకుని చేయవలసిన పని. అమ్మ ముఖానికి ఎన్ని గంటలు పట్టిందో!

ఆ ఫోటో చూసి ముచ్చటపడి ఒక సంబంధంవారు పెళ్ళిచూపులకు వచ్చారు. అమ్మను కూర్చోబెట్టాక పెళ్ళికొడుకు తల్లి ఫోటో వంక, అమ్మ వంక చూసి, “ఫోటోలో పిల్లను చూపించండి” అన్నదట.

ఈ సంగతి అమ్మ నాతో ఒక్కసారే చెప్పింది, బీరకాయ చెక్కు తీస్తూ, కత్తిపీట మీది నుంచి తల ఎత్తకుండా. తరువాతి భాగం చెప్పేటప్పుడు మాత్రం తల ఎత్తింది. వారం తిరగకుండా, పక్కింటి స్నేహితురాలిని వెంటబెట్టుకుని, ఇంట్లో చెప్పకుండా అదే స్టూడియోకు వెళ్ళిందట. ఆడపిల్ల తనంతట తానుగా వెళ్ళి కెమెరా ముందు కూర్చోవడం ఆనాటికి చిన్న విషయం కాదు. (1892లో రాజా దీన్ దయాళ్ హైదరాబాదులో పరదా స్త్రీల కోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరచి, దాని నిర్వహణను ఒక ఆంగ్ల మహిళకు అప్పగించిన సంగతి చదివినప్పుడల్లా నాకు ఈ ఇద్దరు ఆడపిల్లలే గుర్తుకు వస్తారు.) కూర్చుని, “నా ముఖం మీద మీ పెన్సిలు పెట్టవద్దు” అన్నదట అమ్మ.

“ఇది చూస్తే ఎవరొస్తారమ్మాయ్?” అన్నాడట ఆయన, జాలిగానే.

“వచ్చేవాడు ఇది చూసే రావాలండీ.”

ఆ రెండవ ఫోటో చూసి వచ్చినవారు మా నాన్నగారు. దాన్ని గురించి ఆయన ఎన్నడూ ఏమీ అనలేదు. ఆయన పోయిన తరువాత నాన్నగారి డైరీ అట్ట లోపల నాకు దొరికింది. అందులో అమ్మ పక్కకు తిరగలేదు, నవ్వలేదు. నేరుగా అద్దంలోకి, అంటే ఆ ఫోటోగ్రాఫరు కళ్ళలోకి చూస్తున్నది.

అది దొరికిన రోజుల్లోనే నేను ఫ్రెడెరిక్ డగ్లస్ ఆత్మకథను తెలుగు చేస్తున్నాను. బానిసగా పుట్టి, 1838లో తప్పించుకుని పారిపోయి, 1845లో తన కథను తానే వ్రాసి ప్రకటించిన మహావక్త ఆయన. 19వ శతాబ్దపు అమెరికాలో ఆయనకంటే ఎక్కువ ఫోటోలు తీయించుకున్నవారు లేరని పరిశోధకులు లెక్క తేల్చారు. సుమారు 160 చిత్రాలు దొరికాయి. అబ్రహాం లింకన్ కూడా ఆయన తరువాతే. ఇది ఆడంబరం కాదు. ఒక ఆంగ్లేయుడు 1848లో ప్రచురించిన పుస్తకంలో డగ్లస్ ముఖాన్ని చెక్కించి అచ్చువేశాడు. చెక్కినవాడు ఆ ముఖానికి ఒక మెత్తని నవ్వు చేర్చాడు. మరుసటి యేడు డగ్లస్ తన ‘నార్త్ స్టార్’ పత్రికలో ఆ పుస్తకాన్ని సమీక్షిస్తూ, పారిపోయి వచ్చిన బానిస ముఖంలో ఉండవలసినదానికన్నా చాలా ఎక్కువ సౌమ్యత తన బొమ్మలో కనిపిస్తున్నదని ఎత్తిపొడిచాడు. తెల్ల చిత్రకారుల చేతిలో నల్లవారి ముఖం ఉన్నది ఉన్నట్టు రావడం దాదాపు అసాధ్యమని ఆయన ఫిర్యాదు. కెమెరాను అంతగా నమ్మడానికి కారణం అదే. దాని ముందు తాను ఎలా కూర్చోవాలో, ఎలా చూడాలో తానే నిర్ణయించుకున్నాడు.

ఆ సమీక్ష సంగతి చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ పుస్తకం మొదటి అధ్యాయంలో యజమాని డగ్లస్ పినతల్లిని కొరడాతో కొట్టే ఘట్టం ఉన్నది. నా అనువాదంలో ఆ వాక్యాలను కొంత మెత్తన చేశాను. ‘కొట్టాడు’ అని ఉండవలసినచోట ‘దెబ్బలు పడ్డాయి’ అని వ్రాశాను. చదివినవారు భాష తేటగా ఉన్నదని మెచ్చుకున్నారు కూడా. నేను చేసింది కూడా పెన్సిలు పనే. మరునాడు ఆ పుటలు తిరగవ్రాశాను. ఈసారి ఎవరూ మెచ్చుకోలేదు.

ఠీవి అనగానే ముఖం గంటు పెట్టుకోవడం కాదని నాకు నేర్పినది మరొక ఫోటోగ్రాఫరు: పశ్చిమాఫ్రికాలోని మాలి దేశపు సేదూ కైతా. ఫ్రెంచివారి పాలన సాగుతుండగానే, 1948లో, బమాకో నగరంలో స్టూడియో పెట్టాడు. తొలినాళ్ళలో తన మంచం మీది కుచ్చుల దుప్పటినే వెనుక తెరగా కట్టేవాడు. చేతిగడియారాలు, కలాలు, రేడియో, కోట్లు సిద్ధంగా ఉంచేవాడు. వచ్చినవారు తమకు నచ్చినవి ఎంచుకుని, నచ్చినట్టు కూర్చునేవారు. పువ్వుల పావడా పరచుకుని ఒత్తిగిలిన స్త్రీలు, రేడియో మీద చేయి వేసుకున్న గృహిణులు, ఒకే తీరు బట్టలు వేసుకున్న స్నేహితురాళ్ళు. వారిలో అత్యధికుల పేర్లు మనకు తెలియవు. కాని ఏ ముఖంలోనూ ముడుచుకున్నతనం కనిపించదు. అరువు గడియారంతో సహా ప్రతివారూ ‘ఇది నేను’ అంటున్నట్టే ఉంటారు.

ఇవన్నీ అన్నయ్యకు చెప్పలేదు. చెప్పినా వినేవాడు కాదు. ఆయన వాదం ఆయనకున్నది. “బ్రతికినన్నాళ్ళూ ఆ మచ్చలవల్ల ఎన్ని మాటలు పడిందో నీకు తెలుసు. నలుగురూ వచ్చే రోజున మళ్ళీ అవే చూపించాలా?” అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. డైరీ అట్టలోని ఫోటో తెచ్చి పక్కన పెట్టాను. ఆయన దాన్ని అంతకుముందు ఎన్నడూ చూడలేదు.

చాలాసేపు చూశాడు. వేలితో ఎడమ కనుబొమ దగ్గర తాకి, “ఈ మచ్చ సంగతే మరిచిపోయానే” అన్నాడు. కొంతసేపటికి, “నీ ఇష్టం. తీసుకువెళ్ళు” అన్నాడు.

పటాల దుకాణంలో కుర్రవాడు ఫోటోను కంప్యూటరులోకి ఎక్కించి, తెర నిండా పెద్దది చేసి, నా వంక తిరిగాడు. “మచ్చలన్నీ తీసేస్తానమ్మా. రెండు నిమిషాల పని. డబ్బులు కూడా అక్కర్లేదు.”

“వద్దు బాబూ. ఉన్నది ఉన్నట్టు కావాలి.”

అతడికి నమ్మకం కుదరలేదు. తీరా పటం కట్టాక గొడవ చేసినవారు ఉన్నారట. రసీదు నా ముందుకు తోసి, ఆ మాటే వ్రాసి సంతకం పెట్టమన్నాడు. వ్రాశాను.