గట్టు కింద మా ఊరు

నాగార్జునసాగర్ అనగానే ఎవరికైనా గేట్లెత్తిన డ్యామ్, లాంచీ షికారు, కొండ మీద మ్యూజియం గుర్తొస్తాయి. మా ఇంట్లో మాత్రం సాగర్ అంటే ఓ ఊరు. నీళ్ల కింద ఉన్న ఊరు. మొన్న శివరాత్రికి మూడు తరాలవాళ్లం కలిసి ఆ ఊరిని వెతుక్కుంటూ వెళ్లాం.

'తాతా, మీ ఊరెక్కడ?'

లాంచీలో మా పెద్దనాయిన పక్కన కూర్చున్న మేనల్లుడు అడిగాడు. పదేళ్లవాడు. పుట్టింది, పెరుగుతోంది అమెరికాలో. పెద్దనాయిన చెయ్యి చాపి నీళ్లవైపు చూపించాడు. వాడు అటు చూశాడు. ఎంత దూరం చూసినా నీళ్లే.

'అగో... గా గట్టు కనవడ్తుందా? దాని కిందనే' అన్నాడు పెద్దనాయిన.

ఆ ఊరి పేరు ఏలేశ్వరం. కృష్ణకు ఎడమ గట్టున, నల్లగొండ జిల్లాలో ఉండేది. శ్రీశైల క్షేత్రానికి నాలుగు ద్వారాలు, నాలుగు ఉపద్వారాలు అంటారు కదా. ఆ ఉపద్వారాల్లో ఈశాన్యాన ఉన్నది ఇదే. సాగర్ కట్టాక ఊరు మునిగిపోయింది. గట్టు మాత్రం మిగిలింది. ఏటా శివరాత్రికి జనం లాంచీలెక్కి ఆ గట్టు మీది శివుడి దగ్గరకు వెళ్తారు.

ఊరు వదిలేనాటికి పెద్దనాయినకు పన్నెండేళ్లు. మా నాయినకు మూడు. నాయినకు ఊరి గుర్తులేం లేవు. ఆయన పోయాక మా ఇంట్లో ఏలేశ్వరాన్ని కళ్లతో చూసిన మనిషి పెద్దనాయిన ఒక్కడే మిగిలాడు. ఆ సంగతి మాకు తట్టడానికి అమెరికా నుంచి ఒక ఫోన్ రావాల్సి వచ్చింది.

టెనసీలోనూ ఓ ఏలేశ్వరం

చెల్లెలి కుటుంబం ఉండేది టెనసీ రాష్ట్రంలో. ఓ ఆదివారం పిల్లాడిని తీసుకుని దగ్గర్లోని చెరువు చూడ్డానికి వెళ్లింది. చెరువంటే మామూలుది కాదు, లిటిల్ టెనసీ నది మీద కట్టిన టెలికో డ్యామ్ జలాశయం. ఒడ్డున ఎనిమిది స్తంభాలు నిలబెట్టి ఉన్నాయట. ఏమిటని చదివితే, అక్కడ చోటా అనే ఊరు ఉండేదని తెలిసింది. పద్దెనిమిదో శతాబ్దంలో చెరోకీ జాతి వారికి అది రాజధానిలాంటిది. ఏడు స్తంభాలు వాళ్ల ఏడు వంశాలకు గుర్తు, ఎనిమిదోది జాతి మొత్తానికి.

ఆ చెరోకీలది పెద్ద కథ. 1830లో అమెరికా ప్రభుత్వం ఆదివాసులను మిసిసిపీ నది అవతలికి పంపడానికి చట్టం చేసింది. 1838లో సైన్యం వచ్చి చెరోకీలను ఇళ్లలోంచి బయటకు లాగింది. పదహారు వేల మంది దాకా వందల మైళ్లు నడిచారు, పడవల్లో వెళ్లారు. చలికి, రోగాలకు దాదాపు నాలుగు వేల మంది చనిపోయారని అంచనా. దాన్ని 'కన్నీటి బాట' అంటారు. కొందరు కొండల్లో దాక్కుని ఉండిపోయారు. వాళ్ల వారసులు ఇప్పటికీ పక్కనే ఉత్తర కరొలినాలో ఉన్నారు.

మనుషులు వెళ్లిపోయినా ఊళ్ల ఆనవాళ్లు, సమాధులు మట్టిలో ఉండిపోయాయి. నూట నలభై ఏళ్ల తర్వాత వాటి మీదికి డ్యామ్ వచ్చింది. నదిలోని ఓ చిన్న చేప అంతరించిపోతుందని 1978లో అక్కడి సుప్రీంకోర్టు పనులు ఆపేసింది. మరుసటేడు పార్లమెంటు ఆ డ్యామ్‌కు మినహాయింపు ఇచ్చింది. చెరోకీలూ కోర్టుకెక్కారు కానీ గెలవలేదు. 1979 నవంబరులో గేట్లు మూశారు. తమ భాషకు అక్షరాలు కూర్చిన సెక్వోయా పుట్టిన చోటు కూడా అందులోనే మునిగింది. ఇప్పుడు ఒడ్డున ఆయన పేర చెరోకీలే ఓ మ్యూజియం నడుపుతున్నారు.

ఆ రాత్రే చెల్లెలు ఫోన్ చేసింది. 'అన్నా, వీడు ఆ స్తంభాల దగ్గర నిలబడి మనకూ ఇట్ల మునిగిన ఊరుందా అని అడిగిండు. ఉందన్నాను. ఎట్లుండేదన్నాడు. నాకు ఒక్క ముక్క తెల్వదు.'

నాకూ తెలియదు. మమ్మల్ని ఎవరూ తుపాకులు పెట్టి తరమలేదు నిజమే. దేశానికి అన్నం పెట్టే డ్యామ్ అన్నారు, మావాళ్లు బండ్లు కట్టుకుని కదిలారు. కానీ వెనక్కి తిరిగి చూస్తే నీళ్లే కనపడటం మాత్రం రెండు చోట్లా ఒక్కటే. సెలవు పెట్టుకుని శివరాత్రికి రమ్మన్నాను.

నందికొండ దారిలో

హైదరాబాద్ నుంచి సాగర్ నూట యాభై కిలోమీటర్లు. ఇబ్రహీంపట్నం, మాల్, మల్లేపల్లి దాటి పెద్దవూర మీదుగా వెళ్లాం. పెద్దనాయిన ముందు సీట్లో కూర్చుని ఒక్క మాటా మాట్లాడలేదు. నందికొండ అని రాసిన బోర్డు కనపడ్డాక నోరు విప్పాడు.

'అప్పుడు సాగర్ అనకపోయేది. నందికొండ ప్రాజెక్టు అనేటోళ్లు. నందికొండ కట్టంగనే మీ ఊరు మునుగుతదన్నరు.'

నిజమే. ఖోస్లా కమిటీ చూసి సరేనన్నది నందికొండ ప్రాజెక్టునే. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. నాగార్జునసాగర్ పేరు స్థిరపడ్డాక నందికొండ వెనక్కి పోయింది. ఇప్పుడు హిల్ కాలనీ, పైలాన్ కాలనీలున్న మున్సిపాలిటీకి ఆ పేరే పెట్టారు.

డ్యామ్ ముందు కారాపి దిగాం. పిల్లాడు గేట్లు లెక్కపెట్టాడు. ఇరవై ఆరు. నూట ఇరవై నాలుగు మీటర్ల ఎత్తున రాతితో కట్టిన గోడ. వేలమంది కూలీలు రాళ్లు మోసి కట్టారు. ఆ పనికి మా ఊరివాళ్లు కూడా కొందరు వచ్చారట. 'మన ఊరు ముంచే గోడకు మనమే రాళ్లు మోసినం. రోజు కూలి దొరికేది మరి' అని నవ్వాడు పెద్దనాయిన.

1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్ పచ్చబడ్డాయి. కుడి కాలువ గుంటూరు, ప్రకాశం వైపు వెళ్లింది. మా తాత మాత్రం పరిహారం డబ్బులు పట్టుకుని దేవరకొండ వైపు బంధువుల ఊరికి చేరాడు. అది డ్యామ్‌కు ఎగువన ఉన్న మెట్ట. కాలువ నీళ్లు అక్కడికి ఎక్కవు. ఏటి ఒడ్డున పుట్టి పెరిగిన మనిషి ఫ్లోరైడ్ బావి నీళ్లు తాగి పోయాడు.

నంబర్లు వేసిన రాళ్లు

ఆ మధ్యాహ్నం నాగార్జునకొండకు వెళ్లాం. 1926లో బయటపడిన చోటు ఇది. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఈ లోయలోనే ఉండేది. డ్యామ్ వస్తోందని తెలిసి 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో పురావస్తు శాఖ లోయంతా తవ్వింది. విహారాలు, చైత్యాలు, స్నానఘట్టం, మెట్ల వరసలున్న ప్రదర్శనశాల... కొన్నిటిని రాయి రాయి విప్పి కొండ మీదికి, అనుపుకు తరలించి మళ్లీ పేర్చారు. ఎంత ఓపికో! ఆ పని చేయకపోతే మన చరిత్రలో ఓ పెద్ద అధ్యాయం నీళ్లపాలయ్యేది. ఏలేశ్వరంలోనూ మునగకముందు రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వకాలు జరిపింది.

మ్యూజియంలో మునిగిన లోయ నమూనా ఉంది. పెద్దనాయిన దాని చుట్టూ రెండుసార్లు తిరిగాడు. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ వంగి చూశాడు.

'ఏం వెతుకుతున్నవ్ పెద్దనాయినా?'

'మన చింతచెట్టు.'

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పదిహేడు వందల ఏళ్లనాటి ఊరికి నమూనా ఉంది. అరవై ఏళ్లనాటి చింతచెట్టుకు ఆనవాలు పెద్దనాయిన తలలో తప్ప ఎక్కడా లేదు.

పెళ్లిపత్రిక వెనక పటం

ఆ రాత్రి కాలనీలో లాడ్జి గదిలో చెల్లెలు బ్యాగులోంచి ఓ పెళ్లిపత్రిక తీసి తిరగేసి పెద్దనాయిన ముందు పెట్టింది. 'ఊరు గియ్యి' అంది. ఆయన ముందు ఏరు గీశాడు. తర్వాత రేవు. రేవు నుంచి శివాలయం దాకా బాట. చావడి, చింతచెట్టు, కమ్మరి కొలిమి. ఒక్కో ఇల్లూ గీసి ఆ ఇంటాయన పేరు చెప్తుంటే పిల్లాడు ఇంగ్లిషు అక్షరాల్లో రాసుకున్నాడు. నలభై ఒక్క ఇళ్లు తేలాయి. గీస్తున్నంతసేపూ ఆయన గొంతు పన్నెండేళ్ల పిల్లాడిదైపోయింది.

పడమటి వైపు కాగితం ఖాళీగా ఉండిపోయింది.

'ఇక్కడేముండె తాతా?'

పెద్దనాయిన కొంచెంసేపు ఆగాడు. 'ఆడ... దళితులుండేటోళ్లు. పదిహేనిండ్లో ఇరవయ్యో. మేం అటు పోకపోయేది.'

'మన జీతగాడు కూడా ఆడనే కదా ఉండేది?' అన్నాను. నాయిన ఎప్పుడో చెప్పిన మాట.

'ఆడనే. నన్ను భుజం మీద ఎక్కించుకుని ఏరు దాటించేటోడు. ఊరు లేసినంక ఎటు పోయిండో తెల్వదు.'

భూమి ఉన్నవాళ్లకు భూమి డబ్బులొచ్చాయి. ఒకరి పొలంలో పనిచేసేవాళ్లకు పోయింది పని. దానికి ఏ కాగితం మీదా లెక్క లేదు.

గట్టు మీద

మర్నాడు శివరాత్రి. లాంచీలు కిక్కిరిసి ఉన్నాయి. గట్టెక్కి దర్శనం చేసుకుని బయటికొచ్చి ఓ బండ మీద కూర్చున్నాం. పెద్దనాయిన పత్రిక తీసి పట్టుకుని, నీళ్లలో ఎక్కడ ఏముందో పిల్లాడికి చూపిస్తున్నాడు. 'గదే మన పెద్ద చేను. గక్కడ రేవు...'

వెనక నుంచి ఓ ముసలాయన తొంగి చూశాడు. భుజాన తువ్వాల, చేతిలో కర్ర. కాసేపు విని, 'రేవు ఇంకింత ఇటుంటది పటేలా' అన్నాడు.

పెద్దనాయిన తలెత్తాడు. ఎవరి ఊరని అడిగాడు. ఇదే ఊరన్నాడాయన. ఎవరి కొడుకువని అడిగాడు. ఆయన తండ్రి పేరు చెప్పాడు. మా జీతగాడి పేరు!

పెద్దనాయిన లేచి నిలబడ్డాడు. ఆయన చెయ్యి పట్టుకుని బండ మీద తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు. 'గిప్పుడు పటేలేందే... నా పేరు పెట్టి పిలువు' అన్నాడు. ఆయన నవ్వి ఊరుకున్నాడు. పేరు పెట్టి మాత్రం పిలవలేదు.

వాళ్లు మిర్యాలగూడ వైపు వెళ్లారట. కాలువ కింద నాట్లకు, కోతలకు కూలి దొరికేదట. 'మాకు గుడిసెల పైసలిచ్చిండ్రు. దారి ఖర్సులకు సరిపోయినయ్. ఊరు మునిగితే మునిగింది గని, నా కొడుకు సదువుకుండు' అన్నాడు. ఆ మాటలో బాధ ఎంతో, ఊరట ఎంతో చెప్పడం కష్టం. మా తాతకు నీళ్లు అందలేదు, జీతగాడి కొడుక్కి అందాయి. ఊరంటే అందరికీ ఒకే ఊరు కాదని నాకు అక్కడ అర్థమైంది.

పిల్లాడు పెన్ను ఆయన చేతికిచ్చాడు. 'నాకు రాయరాదు బిడ్డా, చెప్త గీయి' అన్నాడు. పడమటి వైపు ఒక్కో ఇల్లూ చెప్పుకొచ్చాడు. పద్దెనిమిది. వాళ్ల బావి, వాళ్ల పోచమ్మ, వాళ్ల వేపచెట్టు. పెద్దనాయిన చెవొగ్గి వింటూనే ఉన్నాడు. డెబ్బై దాటాక తన ఊరి సంగతి ఆయనకు కొత్తగా తెలుస్తోంది.

ఇంటికొచ్చాక

హైదరాబాద్ చేరేసరికి రాత్రయింది. పిల్లాడు వంటింట్లో ఫిల్టర్ దగ్గర గ్లాసు పట్టి గటగటా తాగాడు. పెద్దనాయిన చూస్తూ, 'గవి ఎక్కడి నీళ్లో ఎరుకేనా?' అన్నాడు. సాగర్ వెనక జలాల నుంచి పుట్టంగండి దగ్గర ఎత్తిపోసి, అక్కంపల్లి మీదుగా తెచ్చే కృష్ణా నీళ్లు 2004 నుంచి నగరానికి వస్తున్నాయి. మా నల్లాలో వచ్చేవి అవే. అంటే ఇన్నేళ్లుగా మేం మా ఊరి మీది నీళ్లే తాగుతున్నాం. ఆ సంగతి ఎప్పుడూ తట్టలేదు.

పటానికి జిరాక్స్‌లు తీయించాం. ఒకటి టెనసీకి వెళ్లింది. ఒకటి మిర్యాలగూడకు. అసలు పత్రిక పెద్దనాయిన పెట్టెలో ఉంది. అప్పుడప్పుడూ తీసి ఇంకో ఇల్లు, ఇంకో పేరు చేరుస్తున్నాడు.

సాగరే కాదు, శ్రీశైలం కింద కూడా ఎన్నో ఊళ్లు పోయాయి. అటు కొల్లాపూర్, అలంపూర్ వైపు ఇలాంటి పెద్దలు చాలా ఇళ్లలో ఉంటారు. మీ ఇంట్లోనూ ఉంటే ఈ ఆదివారమే కాగితం, పెన్ను ముందు పెట్టండి. గీయడం అయ్యాక కాగితంలో ఖాళీ ఎక్కడ మిగిలిందో చూడండి. అక్కడ ఎవరుండేవారో కూడా అడగండి.

వెళ్లాలనుకుంటే...

హైదరాబాద్ నుంచి సాగర్‌కు బస్సులున్నాయి. నాగార్జునకొండకు లాంచీలోనే వెళ్లాలి. మ్యూజియానికి శుక్రవారం సెలవు. అనుపు కుడి గట్టున, విజయపురి సౌత్ వైపు ఉంది. ఎడమ గట్టున 2022లో ప్రారంభమైన బుద్ధవనం కూడా చూడొచ్చు. ఏలేశ్వరం గట్టుకు వెళ్లాలంటే శివరాత్రి మంచి సమయం. లాంచీల వేళలు ముందే కనుక్కుని బయల్దేరండి.