బంతి తెచ్చిన కొలువు

బస్తర్ అంచున నిలబడి చూస్తే హైదరాబాద్ సిటీ పోలీస్ ఫుట్‌బాల్ జట్టు చరిత్రలో ఒక పాత పాఠం కనిపిస్తుంది

దుమ్ముగూడెం మండలం దాటి ఉత్తరానికి వెళితే తెలంగాణ ఎక్కడ ముగిసి ఛత్తీస్‌గఢ్ ఎక్కడ మొదలైందో మాటను బట్టి చెప్పడం కష్టం. సుక్మా జిల్లా కోంటా బ్లాకులోని మరైగూడలో కోయ భాషతోపాటు తెలుగూ వినిపిస్తుంది. కొలువు విషయానికొస్తే, ఈ ప్రాంత యువకుడికి చాలాకాలం కాస్త దగ్గరగా కనిపించింది పోలీసు శాఖే. 2005లో సల్వాజుడుం మొదలయ్యాక ఐదో తరగతి చదివిన ఆదివాసీ కుర్రాళ్లను సైతం ప్రత్యేక పోలీసు అధికారులుగా తీసుకున్నారు. వారికి నెలకు 3,000 రూపాయల గౌరవ వేతనం, తుపాకీ ఇచ్చి అడవికి పంపారు. అది రాజ్యాంగ విరుద్ధమని 2011 జులైలో సుప్రీంకోర్టు తేల్చింది.

2024 చివర్లో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం ఇదే నేల మీద 'బస్తర్ ఒలింపిక్స్' నిర్వహించింది. ఫుట్‌బాల్, కబడ్డీ, విలువిద్య వంటి పోటీలకు దాదాపు 1.65 లక్షల మంది పేర్లు నమోదు చేసుకున్నారు. ముగింపు వేడుక జగదల్‌పూర్‌లో ఘనంగా జరిగింది. మరి ఆ తర్వాత? గెలిచిన కుర్రాడు మర్నాడు ఏ పనికి వెళ్లాలి? ఈ ప్రశ్నకు దక్కన్‌లో ఒకప్పుడు పోలీసు శాఖే జవాబు చెప్పింది.

హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు ఆటగాళ్లు పేరుకు అమెచ్యూర్లు. ఆటకు విడిగా వేతనం లేదు కానీ పోలీసు ఉద్యోగం ఉంది. నెల తిరిగేసరికి జీతం, ఇంట్లో పొయ్యి ఆరదన్న ధీమా. ఇప్పటి భాషలో చెప్పాలంటే అది సెమీ ప్రొఫెషనల్ క్లబ్. దాని శిక్షణ బాధ్యత స్వీకరించిన సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తిరీత్యా బడిపంతులు. బంతిని కాళ్లకు అంటిపెట్టుకుని ఒంటరిగా పరుగెత్తడం కంటే ఒక్క తాకుతో సహచరుడికి అందించడం మేలని ఆయన నమ్మకం. డ్రిబ్లింగ్ నిషిద్ధమైన పోటీలు పెట్టేవారు. అలవాటు లేని కాలితోనే ఆడాలని షరతు విధించేవారు.

ఫలితాలు త్వరగానే వచ్చాయి. 1948 సెప్టెంబరులో హైదరాబాద్ సంస్థానం భారత్‌లో కలిసింది. రెండేళ్లకే, 1950లో, ఢిల్లీలో జరిగిన డ్యూరాండ్ కప్ ఫైనల్లో ఈ జట్టు మోహన్ బగాన్‌ను ఓడించింది. బొంబాయిలో రోవర్స్ కప్‌ను 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు గెలిచింది. 1954, 1957లలో మళ్లీ డ్యూరాండ్ దక్కింది. ఆంధ్రప్రదేశ్ పోలీస్‌గా పేరు మారాక 1961లోనూ ఆ కప్పు హైదరాబాద్‌కే వచ్చింది. రహీం మార్గదర్శకత్వంలో భారత్ 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణాలు గెలిచి, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది.

ఈ చరిత్రలో మైదానంతోపాటు కడుపు సంగతీ ఉంది. సికింద్రాబాద్ శివారు అమ్ముగూడకు చెందిన తులసీదాస్ బలరాం పేదింటి కుర్రాడు. రోజూ నగరానికి ప్రాక్టీసుకు రావడానికి డబ్బుల్లేవంటే సైకిల్ అద్దె రహీమే భరించారని చెబుతారు. ఆ కుర్రాడు మెల్‌బోర్న్‌లో ఆడాడు, జకార్తాలో స్వర్ణం అందుకున్నాడు. కానీ 1957లోనే కలకత్తా ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లిపోయాడు. తర్వాతి తరంలో హబీబ్, నయీముద్దీన్‌లదీ అదే దారి. పోలీసు జీతం కన్నా కలకత్తా పిలుపు బలమైంది. 1963 జూన్‌లో రహీం క్యాన్సర్‌తో కన్నుమూశారు. అదే ఏడాది రోవర్స్ కప్ గెలిచినా, ఆ తర్వాత పోలీసు జట్టు పాత వైభవాన్ని అందుకోలేదు.

డబ్బే మందు అనుకుంటే అదీ చూశాం. 2019లో పెట్టుబడిదారుల అండతో హైదరాబాద్ ఎఫ్‌సీ పుట్టింది. 2022 మార్చిలో ఇండియన్ సూపర్ లీగ్ కప్పు గెలిచింది. ఆర్థిక ఇబ్బందులు చుట్టుముట్టాక 2025లో ఆ ఫ్రాంచైజీ ఢిల్లీకి తరలిపోయి పేరే మార్చుకుంది. పోలీసు జట్టుకు అలా ఊరు మారే వీలు లేదు. దాని ఆటగాడి కొలువు హైదరాబాద్‌లోనే ఉంది.

బస్తర్‌లో టోర్నమెంట్లు పెట్టేవారు గమనించాల్సింది ఇదే. రహీం జట్టు వెనుక ఏడాది పొడవునా శిక్షణ, ఆటగాడికి ప్రతి నెలా జీతం ఉన్నాయి. మరైగూడ ప్రాంత కుర్రాళ్లకు ప్రభుత్వం ఒకసారి యూనిఫాం ఇచ్చింది, తుపాకీతో కలిపి. ఈసారి యూనిఫాం ఇచ్చేటట్లయితే ఆడుకోవడానికి బంతి, సాయంత్రం ప్రాక్టీసుకు సెలవు కూడా ఇవ్వవచ్చు. హైదరాబాద్‌లో అది సాధ్యమైందని ఆ కప్పులే చెబుతాయి.