పాతాళానికి పరామర్శ

ఇనన్నా పాతాళానికి ఎందుకు వెళ్ళింది? 'ఇనన్నా అవరోహణ' అనే సుమేరియన్ కావ్యం మీద రాసినవాళ్ళు ఈ ప్రశ్న దగ్గర కాసేపు ఆగుతారు. స్వర్గం చాలక అక్క రాజ్యాన్ని కూడా కలుపుకుందామని వెళ్ళిందని కొందరంటారు. 1980లలో ఈ కథని చేరదీసిన పాశ్చాత్య స్త్రీవాదులు కొందరు, ఇది తన లోపలి చీకటిలోకి తానే దిగిన స్త్రీ ప్రయాణమన్నారు. కానీ ద్వారపాలకుడు నేతీ అడిగినప్పుడు ఇనన్నా చెప్పిన జవాబు చాలా మామూలుది. అక్క ఎరెష్కిగల్ భర్త గుగలన్నా చనిపోయాడు, ఆయన కర్మకాండకి వచ్చానంటుంది. మన మాటల్లో చెప్పాలంటే పరామర్శకి వచ్చింది. అది వట్టి సాకని కొట్టిపారేసిన వ్యాఖ్యాతలున్నారు. నేను ఆ మాటని పట్టుకునే ఈ కావ్యాన్ని చదువుతాను.

ఆమె వచ్చిన తీరు చూడండి. తల మీద కిరీటం, మెడలో నీలిరాళ్ళ పూసలు, రొమ్ము మీద ఆభరణం, చేతికి బంగారు కడియం, కళ్ళకి కాటుక, ఒంటి మీద రాజవస్త్రం. భర్త పోయిన అక్క ఇంటికి వచ్చిన చెల్లెలి అలంకారమిది. పాతాళానికి ఏడు ద్వారాలు. ఒక్కో ద్వారం దగ్గర ఒక్కొక్కటి తీయిస్తారు. ఇదేమిటని అడిగితే, ఇక్కడి పద్ధతుల్ని ప్రశ్నించకూడదని జవాబు. ఏడో ద్వారం దాటేసరికి ఒంటి మీద నూలుపోగు ఉండదు. భర్త పోయిన ఆడమనిషి గాజులు, పూలు, బొట్టు ఒక్కొక్కటే తీసేయడం కళ్ళారా చూసినవాళ్ళం మనం. సుమేరు ఆచారమూ మనదీ ఒకటని కాదు. కానీ ఇక్కడ ఒలిపించుకున్నది విధవ కాదు, నిండుగా అలంకరించుకుని వచ్చిన చెల్లెలు. ఒలిపించింది విధవ. నా దుఃఖం దగ్గరికి ఇలా రాకు, నాలాగా రా అన్నట్టుంటుంది నాకు.

ఇనన్నా అక్కడ చనిపోతుంది. శవాన్ని కొక్కేనికి తగిలిస్తారు. మూడు పగళ్ళు, మూడు రాత్రులు గడిచాక ఆమె సేవకురాలు నిన్షుబూర్ చింపిరి గుడ్డ కట్టుకుని, ఒళ్ళు గీరుకుని, దేవుళ్ళ గుమ్మాలన్నీ ఎక్కుతుంది. ఎన్లిల్ కాదంటాడు. చంద్రదేవుడు నన్నా కాదంటాడు. చివరికి ఎంకి తన గోటి కింది మట్టితో ఇద్దరిని చేసి పంపుతాడు. ఒకరు కుర్గరా, ఇంకొకరు గలతురా. వాళ్ళు ఈగల్లా తలుపు సందుల్లోంచి లోపలికి దూరతారు.

అక్కడ మృత్యురాణి పడుకుని మూలుగుతూ ఉంటుంది, బిడ్డల్ని కన్న తల్లిలా, ఒంటి మీద గుడ్డ లేకుండా, జుట్టు చెదిరిపోయి. వచ్చినవాళ్ళు యుద్ధం చెయ్యరు. మంత్రాలు చదవరు. ఓదార్చను కూడా ఓదార్చరు. ఆమె నా గుండె అని మూలిగితే వీళ్ళు నీ గుండె అని మూలుగుతారు. ఆమె ఏ బాధ చెబితే ఆ బాధనే తిరిగి ఆమెకి చెబుతారు. అంతే. నా నొప్పిని నొప్పిగా విన్నవాళ్ళు మీరెవరని ఆమె ఆశ్చర్యపోతుంది. ఏం కావాలో కోరుకోమంటుంది. నిండు నది ఇస్తానన్నా, పండిన పొలం ఇస్తానన్నా వద్దని, కొక్కేనికి వేలాడుతున్న శవాన్ని అడిగి తీసుకుంటారు. ఇనన్నా బతుకుతుంది.

ఇక్కడొక చిన్న వివరం ఉంది. 'గల' అంటే గుళ్ళలో శోకగీతాలు పాడే పూజారి. వాళ్ళు పాడేది ఎమెసల్ అనే ప్రత్యేకమైన పలుకుబడిలో. సుమేరియన్ సాహిత్యంలో దేవతలూ స్త్రీలూ మాట్లాడే పలుకుబడి కూడా అదే. అంటే చావు నోట్లోంచి ఒక ప్రాణాన్ని వెనక్కి తెచ్చింది ఏడుపు తెలిసినవాళ్ళు.

ఈ ఘట్టం నాకు లోపలికి దిగింది మా తమ్ముడు పోయాకే. 2011లో గుండెపోటుతో పోయాడు. వాడికప్పుడు నలభై రెండేళ్ళు. మా అమ్మకి చదువు రాదు. ఆ పొద్దు వాకిట్లో కూలబడి రాగం తీసి ఏడ్చింది. ఆ ఏడుపులో వాడి పుట్టుక ఉంది, కోరింత దగ్గు వచ్చిన ఏడాది ఉంది, మొదటిసారి పట్నం బస్సెక్కిన రోజు ఉంది, పోయిన వారం ఫోన్‌లో అడిగిన ఆవకాయ ఉంది. దేవుణ్ణి నిలదీయడం ఉంది. వచ్చిన ఆడవాళ్ళు అమ్మ మెడ పట్టుకుని, ఆమె ఎక్కడ ఆపితే అక్కడ అందుకున్నారు. నేను కాలేజీలో సాహిత్యం చెప్పేదాన్ని. స్తంభానికి ఆనుకుని నిలబడ్డాను. కన్నీళ్ళొచ్చాయి, మాట రాలేదు. శవాన్ని లేపేటప్పుడు మగవాళ్ళు, ఇక చాలు ఊరుకోండమ్మా అన్నారు. వీధి మలుపు దాకా వెళ్ళి మేం ఆగిపోయాం. తర్వాత చుట్టాలు చాలామంది నన్ను మెచ్చుకున్నారు, చదువుకున్నదానివి, నువ్వన్నా నిబ్బరంగా ఉన్నావని.

ఆ మెప్పు నన్ను చాలాకాలం గుచ్చింది. చదువు నాకు చాలా ఇచ్చింది. జీతం ఇచ్చింది, ఒంటరిగా ప్రయాణం చెయ్యగల ధైర్యం ఇచ్చింది, ఈ వ్యాసం రాయగల భాష ఇచ్చింది. కానీ ఆ పొద్దు అమ్మ దగ్గరున్న భాష నా దగ్గర లేదు. అక్షరం వచ్చిన నాకు ఏడుపు రాదు, ఏడుపు వచ్చిన అమ్మకి అక్షరం రాదు. అమ్మ 2016లో పోయినప్పుడు అలా రాగం తీసి ఏడ్చినవాళ్ళు ఊరంతటికీ ఇద్దరే మిగిలారు. ఇద్దరూ డెబ్భై దాటినవాళ్ళే. పైగా మన రాతల్ని ఏడుపుగొట్టు సాహిత్యమని వెక్కిరించినప్పుడు, కాదు కాదు అని నిరూపించుకోవడానికి మనం ఎంత శ్రమపడ్డాం! ఏడుపైతే ఏమిటని అడిగినవాళ్ళు తక్కువ.

అందుకే ఆ కథలోని గెష్తినన్నా నాకు ఇనన్నా కంటే దగ్గరిది. పాతాళం నుంచి ఊరికే వదలరు, బదులు ఒకరిని ఇవ్వాలి. ఇనన్నా వెంట గల్లాలనే భటులు వస్తారు. తన కోసం దుమ్ములో పొర్లిన నిన్షుబూర్‌ని ఆమె ఇవ్వదు. దుఃఖంలో ఉన్న షరానీ లులాల్‌నీ ఇవ్వదు. భర్త దుముజి మాత్రం మంచి బట్టలు కట్టుకుని సింహాసనం మీద కూర్చుని ఉంటాడు. అతన్నే అప్పగిస్తుంది. ఎవరు ఏడ్చారన్నదే ఇక్కడ బంధానికి కొలమానం. దుముజి తోబుట్టువు గెష్తినన్నా. 'దుముజి కల' అనే మరో కావ్యంలో అతను ఆమెని మట్టిపలకలు తెలిసిన లేఖకురాలు, పాటలు తెలిసిన గాయని, కలల అర్థం తెలిసిన మనిషి అని పిలుస్తాడు. అతని జాడని స్నేహితుడు లంచానికి చెప్పేస్తాడు, హింసించినా ఆమె చెప్పదు. చివరికి ఏడాదిలో సగం అతను, సగం ఆమె పాతాళంలో ఉండేలా ఏర్పాటు. రాయడం, పాడటం, ఏడవడం, చావుని పంచుకోవడం అన్నీ ఒకే మనిషి పనులు. గిల్గమెష్ కావ్యంలో ఎంకిడు కలగన్న పాతాళంలోనూ రాణి ముందు మోకరిల్లిన లేఖకురాలు ఒకరున్నారు. ఆమె పేరు బేలెత్-సేరి. ఆమే గెష్తినన్నా అని మెసపొటేమియా వాళ్ళే అనుకున్నారు.

దుముజిని అప్పగించిన ఇనన్నాని కఠినురాలు అనేముందు ఆమె పెళ్ళిపాటలు కూడా చదవాలి. తన ఒంటిని తడిసిన పొలంతో పోల్చి, దున్నేదెవరని తనే అడుగుతుంది. దేవత నోట కోరిక ఇంత తేటగా పలికిన పాటలు గుళ్ళలోనూ బళ్ళలోనూ చెల్లాయి. నాలుగు వేల ఏళ్ళ తర్వాత మన కవయిత్రులు శరీరం గురించి రాస్తే నీలి కవిత్వమన్నారు, ఆ తిట్టునే 1993లో 'నీలిమేఘాలు' అని సంకలనానికి పేరుగా పెట్టుకున్నాం. అదే ఇనన్నా వేరే పాటల్లో దుముజి కోసం గుండె పగిలేలా ఏడుస్తుంది. కోరుకున్నదీ, అప్పగించిందీ, ఏడ్చిందీ ఆమే. పతివ్రత, కులట అని రెండు గదులు కట్టుకున్న మన పురాణ పఠనానికి ఈమె ఎక్కడా ఇమడదు.

ఈజిప్టు వాళ్ళకి చావంటే ప్రయాణానికి సామాను సర్దుకోవడమే అనుకుంటాం. కానీ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న 'హారిస్ 500' అనే పపైరస్‌లో ప్రేమపాటల మధ్యనే ఒక వీణకారుడి పాట ఉంది. వెళ్ళినవాళ్ళెవరూ తిరిగి రాలేదు, ఉన్నన్నాళ్ళు సంతోషంగా ఉండమని దాని సారాంశం. దాని పక్కనే ఒక అమ్మాయి పిట్టలకి వల పన్నడానికి వెళ్ళి, తనే ప్రేమలో చిక్కుకుని, ఇవాళ ఖాళీ చేతులతో వెళితే అమ్మకి ఏం చెప్పాలని దిగులు పడుతుంది. ఈ పాటల్లో ప్రియులు ఒకరినొకరు అన్న, చెల్లి అనే మాటలతోనే పిలుచుకుంటారు. ఒసిరిస్ కోసం ఏడ్చే ఐసిస్ నిజంగానే చెల్లెలూ భార్యా కూడా. క్రీ.పూ. 4వ శతాబ్దపు 'బ్రెమ్నర్-రైండ్' పపైరస్‌లో ఆమె, నెఫ్తిస్ పాడే విలాపాలున్నాయి. వాటితోపాటు ఎలా పాడాలో కూడా రాశారు. ఇద్దరు స్త్రీలు కావాలి. చేతుల్లో కంజిరల వంటి వాద్యాలుండాలి. భుజాల మీద ఆ ఇద్దరు దేవతల పేర్లు రాసి ఉండాలి. ఏడ్చే ఆడమనిషి ఆ కాసేపూ దేవతే.

థీబ్స్‌లో రమోసే సమాధి గోడ మీద ఏడుస్తున్న ఆడవాళ్ళ గుంపు బొమ్మ ఉంది. అందరూ చేతులెత్తి ఒకే వైపు చూస్తుంటారు. వాళ్ళ మధ్య ఒక చిన్నపిల్ల ఉంటుంది. ఆ పిల్ల ఏడవడం నేర్చుకుంటోందని నాకనిపిస్తుంది. మా ఇంట్లో అమ్మ తర్వాత తెగిపోయింది ఆ చదువే.

ఇవన్నీ స్త్రీలు రాశారని మురిసిపోవడానికి లేదు. స్త్రీ గొంతు వేరు, స్త్రీ చెయ్యి వేరు. ఈజిప్టు ప్రేమపాటల కవుల పేర్లు మనకి దక్కలేదు. ఉర్ నగరపు ప్రధాన పూజారిణి, సార్గోన్ కూతురు ఎన్హెదువన్నా పేరు మాత్రం దక్కింది. ఆమె పేరూ బొమ్మా చెక్కిన రాతి బిళ్ళ 1927లో లెనార్డ్ వూలీ తవ్వకాల్లో బయటపడింది, ఇప్పుడు ఫిలడెల్ఫియాలో ఉంది. అయితే ఆమె పేరు మీదున్న కావ్యాల ప్రతులు చాలావరకు ఆమె తర్వాత సుమారు ఐదు వందల ఏళ్ళకి రాసినవి. ఆమే రాసిందా అన్న వాదన ఇంకా తెగలేదు. ఆ అనుమానాన్ని నేను దాచను. కానీ పదవి పోయి, వెళ్ళగొట్టబడిన స్త్రీ 'నేను' అంటూ ఇనన్నాతో మొరపెట్టుకునే ఆ కావ్యంలో ఒక మాట ఉంది. అర్ధరాత్రి తాను చెప్పినదాన్ని మధ్యాహ్నం 'గల' తిరిగి పాడాలని కోరుతుంది. ఇక్కడ కూడా మళ్ళీ ఆ శోకగాయకుడే! రాసిన మనిషికి తన మాటని తిరిగి పలికేవాళ్ళు కావాలి, ఎరెష్కిగల్‌కి కావలసినట్టే.

ఇంతకీ 'ఇనన్నా అవరోహణ' ఎవరి స్తుతితో ముగుస్తుందో తెలుసా? చచ్చి బతికిన ఇనన్నా స్తుతితో కాదు, ఎరెష్కిగల్ స్తుతితో. పాతాళం దాటి ఎక్కడికీ వెళ్ళని, అందరూ భయపడే, చివరి దాకా విధవగానే మిగిలిన అక్కకి ఆఖరి నమస్కారం. ఈ కావ్యం పేరులో ఆమె లేదు. పరామర్శ మాత్రం ఆమెకే దక్కింది.