ఒక వీడ్కోలు రికార్డు

మేమిరువురము ఈ పాఠశాలలో పదవ తరగతి ముగించి పోయిన పూర్వవిద్యార్థులము. ఇప్పుడు హైదరాబాదు నగరమున, హైటెక్ సిటీలో ఉద్యోగము చేయుచున్నారము. ప్రతిదినము అమీర్‌పేటలో మెట్రోరైలెక్కి రాయదుర్గములో దిగుదుము. ఆ ప్రయాణములో చుట్టునున్నవారివలెనే మేమును చెవులలో ఇయర్‌ఫోనులు పెట్టుకొని ఏదో యొకటి వినుచుందుము. అట్లు వినిన ఆల్బమొకటి మాచేత మా తప్పునొకదానిని దిద్దించినది. ఆ సంగతి మన సంచిక చదువు బాలబాలికలకు పనికివచ్చునని తోచి వ్రాయుచున్నారము.

ఇంగ్లండు దేశమున డేవిడ్ బోవీ (1947–2016) అను ప్రసిద్ధ గాయకుడుండెను. 1970 తరువాత ఆ దేశమున గ్లామ్ రాక్ అను పాటల తీరు బయలుదేరెను. అందు పాటగాండ్రు ముఖమునకు రంగు పూసికొని, తళతళలాడు బట్టలు ధరించి, పాటను నాటకముతో కలిపిరి. బోవీ జిగ్గీ స్టార్‌డస్ట్ అను పాత్రను కల్పించి, 1972వ సంవత్సరమున ఆ పేరుతో ఒక ఆల్బము వెలువరించెను. కీర్తి నొంది, ఆ కీర్తివలననే చెడిన యొక పాటగాని కథ యది. ఎఱ్ఱని జుట్టుతో, చిత్రమైన దుస్తులతో బోవీ తానే ఆ పాత్రయై ఊరూర పాడెను.

వేషము మన తెలుగువారికి కొత్తది కాదు. స్థానం నరసింహారావుగారు (1902–1971) సత్యభామయై రంగస్థలమెక్కినపుడు సభవారికి పురుషుడు కనబడలేదని మన పెద్దలు చెప్పుదురు. 1885లో కడప మండలమున సురభి గ్రామమందు కీచకవధ ప్రదర్శనముతో ఆరంభమైన సురభి నాటక కుటుంబములవారి కాలనీ, మేము పనిచేయు చోటికి కొలది దూరమున, శేరిలింగంపల్లిలోనే యున్నది. తెర పడగానే రంగు కడిగివేసికొనుట వారు ఎఱిగిన విద్య. బోవీకి మాత్రము ఆ రంగు వదలుట కష్టమయ్యెను. జనులు ఆయనను జిగ్గీగానే చూడసాగిరి.

1973 జూలై 3వ తేదీ రాత్రి లండనునందలి హామర్‌స్మిత్ ఓడియన్ అను నాటకశాలలో ఆయన కచేరీ జరిగెను. ఆఖరి పాటకు ముందు బోవీ సభవారివైపు తిరిగి, ఇది యీ యాత్రలోనే గాక తాము చేయబోవు కచేరీలన్నిటిలోను చివరిదని చెప్పెను. సభ గగ్గోలుపడెను. గిటారు వాయించు మిక్ రాన్సన్ ఆ సంగతి ముందే యెఱుగును. డ్రమ్ములు వాయించు వుడీ వుడ్‌మన్సీకిని, బేసు గిటారు వాయించు ట్రెవర్ బోల్డరుకును మాత్రము అది సభవారితో పాటే తెలిసినది. బోవీ పాట మానలేదు. పాత్రను మాత్రమే విడిచెను. ఆ తరువాత నలువది సంవత్సరములకు పైగా కొత్త కొత్త రీతుల పాడుచునే యుండెను. ఐనను ప్రక్కన నిలిచి వాయించిన ఆ యిరువురి మనస్సు ఆ క్షణమున ఎట్లుండెనో యని మేము రైలులో పలుమారు తలపోసితిమి.

ఆ రాత్రి కచేరీని పెన్నెబేకర్ అను అమెరికా చిత్రదర్శకుడు సినిమాగా తీసెను. 1983లో ఆ పాటలు ఆల్బముగా వచ్చెను. 2003లో టోనీ విస్కాంటి వానిని మరల కలిపి కూర్చెను. ఏబది సంవత్సరములు నిండిన 2023లో మరల శుభ్రపరచి విడుదల చేసిరి. రీమాస్టరు చేయుటయనగా పాటను మరల పాడించుట గాదు. పాత టేపులోని బుసను తగ్గించి, హెచ్చుతగ్గులను సరిచేసి, మఱుగుపడిన ధ్వనులు చక్కగా వినబడునట్లు చేయుట. పాత ఇత్తడి బిందెను చింతపండుతో తోమినట్లు అనుకొనవచ్చును. బిందె మారదు, చిలుము పోవును.

2023 నాటి ముద్రణలో మఱియొక విశేషము కలదు. ఆ రాత్రి జెఫ్ బెక్ అను ప్రసిద్ధ గిటారు విద్వాంసుడు వేదికపైకి వచ్చి వారితో కలిసి వాయించెను. ఆ భాగము 1983 నాటి ఆల్బములో లేదు, 2003లోను చేర్చలేదు. 2023లో చేర్చిరి. బెక్ ఆ యేటి జనవరి 10వ తేదీననే మరణించియుండుటచే ఆ విడుదలను చూడలేదు. బోవీ మరణించినదియు 2016లో అదే తేదీన.

ఈ భాగము వినుచుండగా మాకు మన పాఠశాల హాలు జ్ఞప్తికి వచ్చెను. మేము పదవ తరగతిలో నుండగా మా సంగీతము అయ్యగారు పదవీవిరమణ చేసిరి. వీడ్కోలు సభలో కుర్చీపై టేపురికార్డరు పెట్టి పాటలన్నియు క్యాసెట్టులో పట్టితిమి. మా సహాధ్యాయి యొకడు ఆనాడు పాడుచు రెండవ చరణము మఱచి నిలిచిపోయెను. పిల్లలందఱు నవ్విరి. కొంత సేపటికి వాడు తేరుకొని పాట ముగించెను.

క్రిందటి యేడు పూర్వవిద్యార్థుల సమావేశమునకై మేమా క్యాసెట్టును కంప్యూటరులోనికెక్కించి బాగుచేసితిమి. అయ్యగారు అప్పటికే కాలధర్మము నొందియుండిరి గనుక టేపు నిర్దోషముగా నుండవలెనని మా పట్టుదల. శుభ్రపరచుటకు ముందే మా స్నేహితుని పాటను, నాలుగు నిమిషములను, కోసివేసితిమి. సమావేశమునకు వాడు తన చిన్న కుమార్తెను వెంటబెట్టుకొని వచ్చెను. టేపు ముగిసిన పిదప ఆ పిల్ల, "నాన్నా, నీ పాట ఏది?" అని యడిగెను. వాడు బదులు చెప్పక బిడ్డ చేయి పట్టుకొని లేచిపోయెను. మేము చూచియు చూడనట్లుంటిమి.

ఆల్బము వినిన నాటి రాత్రి మేము పాత క్యాసెట్టును మరల తీసితిమి. ఆ నాలుగు నిమిషములను బుస తగ్గించి, ధ్వని పెంచి, మెల్లగా వింటిమి. నవ్వుల క్రింద హార్మోనియము మెట్టు ఒకటి నొక్కిపట్టి యున్నది. ఆ శ్రుతిలో అయ్యగారు రెండవ చరణపు మొదటి మాట అందించుచున్నారు. ఒకసారి గాదు, మూడుసార్లు. మూడవసారికి మా స్నేహితుడు అందుకొనెను. టేపంతటిలోను అయ్యగారి కంఠము వినబడునది ఆ యొక్కచోటనే. ఒకని తప్పును తీసివేయబోయి మేము గురువుగారి గొంతునే తీసివేసితిమి.

ఆ భాగమును స్నేహితునికి పంపి, క్షమింపుమని వ్రాసితిమి. మఱునాడు వాడు ఫోను చేసెను. చాలసేపు మాటాడలేదు. తరువాత, "ఒరే, ఆ చరణం నాకే గుర్తొచ్చిందనుకున్నానురా ఇన్నేళ్లూ. అయ్యగారు అందించారా!" అనెను. వాని కంఠము వణికెను. తన కుమార్తెకు వినిపించెదనని చెప్పి ఫోను పెట్టివేసెను.

బాలబాలికలారా! మీ వీడ్కోలు సభలను గూడ మీరు ఫోనులలో పట్టుచుందురు. మీలో నెవరైన తడబడినచో దానిని కోసివేయుటకు తొందరపడకుడు. అప్పుడు ప్రక్కన నెవరు మాట అందించిరో ముందు వినుడు.

ఆ టేపు ప్రతినొకదానిని మన పాఠశాల గ్రంథాలయమునకు ఈ వ్యాసముతో పాటు పంపుచున్నారము. నాలుగు నిమిషములును అందున్నవి.