యానాములో గాలి త్రోవలు

కాకినాడనుండి యానామునకు ఇంచుమించు గంట ప్రయాణము. గౌతమీ గోదావరినుండి కోరంగిపాయ చీలుచోట నున్నదీ యూరు. 1954 వఱకు ఫ్రెంచివారి యేలుబడిలో నుండి, నేడు పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతమున చేరియున్నను, ఇచ్చటి మాటయు వంటయు నాచారమును గోదావరి జిల్లాలవే. 2002లో ఎదుర్లంక వంతెన వచ్చిన పిదప కోనసీమవారికి రేవు దాటు శ్రమయు తప్పినది. యాత్రికులు దేవాలయమును, చర్చిని, ఏటియొడ్డును చూచి మరలుదురు. నేను మాత్రము ఇండ్లగోడలలోని కంతలను చూచుచు తిరిగితిని. ఇదేమి వేడుకయని సోదరీమణులు నవ్వవచ్చును. కాని పొగ మ్రింగుచు వంటయింట దినములు గడుపువారము మనమే గదా!

ఈ ప్రాంతపు పాత మండువా లోగిళ్లలో గాలికి త్రోవ చూపుట యొక విద్య. వీథియరుగు మీది ద్వారమునుండి చల్లనిగాలి లోనికి వచ్చును. ఎండకు వేడెక్కిన గాలి నడుమనున్న మండువామీదుగా ఆకాశమున కెగసిపోవును. వచ్చుత్రోవ క్రింద, పోవుత్రోవ మీద. వేడిగాలి తేలికయగుటచే నిట్లుండుటయే సహజము. నేటి యిండ్లకు మండువా లేదు. గదికొక కిటికీ, దానిపైననే వెంటిలేటరు, రెండును ఒకే గోడకు! వచ్చిన గాలి కొంత యచ్చటనే తిరిగి వెడలిపోవును; ఆవలిమూల ఉక్కపోత యట్లే యుండును. ఎదురుగోడకు ఎత్తున నొక కంత యున్నచో గాలి గదినంతయు దాటి పోవును. దోమలకు జడిసి కిటికీలకు సన్ననితెర బిగించినవారు, అది గాలిని కొంత యడ్డగించునని యెఱిగి, కిటికీని కాస్త పెద్దదిగా పెట్టించుకొనవలెను.

యానాములో మఱియొక చిక్కు గలదు. వేసవి మధ్యాహ్నములందు సముద్రపుగాలి ఆగ్నేయమునుండియు దక్షిణమునుండియు వీచును. వాస్తు ననుసరించి మనవారు వంటయిల్లు నిలుపుటయు ఆగ్నేయమూలనే. కావున గాలి ముందుగా వంటయింట జొచ్చి, అచ్చటి పొగను, పోపుఘాటును మోసికొని నడవలోనికిని పడకగదిలోనికిని వచ్చును. ఒక యింట పొగ పోవుటకని ఏటివైపు గోడకే విద్యుత్పంకా నమర్చిరి. గాలి ఎదురువీచునపుడు పంకా గిరగిర తిరుగుచునే యుండెను; పొగ మాత్రము లోననే నిలిచెను. గాలి తాకు గోడపై ఒత్తిడి హెచ్చు. ఆవలివైపు గోడయొద్ద గాలి వెలుపలికి లాగబడును. అట్లని పంకా నావలిగోడకు పెట్టుదమన్న, ఆగ్నేయపు వంటయింటికి వెలిగోడలు తూర్పును దక్షిణమును మాత్రమే. పొయ్యిమీదినుండి గొట్టమును పైకప్పు దాటించి, దానికి వానటోపీ పెట్టించుటయే మేలు. నైరుతి ఋతుపవనమైనను, కార్తికమాసపు ఈశాన్యపుగాలియైనను దానిని అంతగా బాధింపవు. ఆ గొట్టపు కొస గాలి వచ్చు కిటికీకి పదియడుగులైన దూరమున నుండవలెను. పొరుగింటి కిటికీకి సయితము! ఇరుకువీథులలో మన పొగ వారి పడకగదిలో దూరినచో తగవులు రాక మానునా?

తలుపులన్నియు బిగించి పంకా వేయువారు పెక్కుమంది గలరు. లోనికి గాలి రానిదే వెలుపలికి గాలి యెట్లు పోవును? నడవవైపు తలుపు ఓరగా తెఱచియుంచినచో ఇంటిలోని గాలి వంటయింటిమీదుగా వెలుపలికి పోవును. ఘాటు ఇంటిలోనికి రాదు. పరీక్షింపనెంచినచో ఊదుబత్తి వెలిగించి ఒక్కొక్క కంతయొద్ద పట్టి చూడుడు. పొగ ఎటు వాలిన గాలి అటు పోవుచున్నదన్నమాట. ఉదయమొకసారి, మూడుగంటలకొకసారి చూచినచో తేడా తెలియును.

వంటగ్యాసు సంగతి వేఱు. అది గాలికంటె బరువు. కారినచో నేలమట్టమున పేరుకొనును. పైనున్న పంకా దానిని తీయజాలదు. కావున వెలిగోడకు నేలకు దగ్గఱగా జాలీకంత యొకటి యుండవలెను. వాసన వచ్చినపుడు పంకామీట నొక్కరాదు. మీటయందు పుట్టు నిప్పురవ్వయే చాలును. తలుపులు తెఱచి, సిలిండరు కట్టివేసి, ఇంటివారందఱును వెలుపలికి పోవలెను.

కంత లన్నింటికి తలుపులును కావలెను. 1996 నవంబరు 6న కోనసీమను అతలాకుతలము చేసిన తుపానును ఇచ్చటివారు నేటికిని తలచుకొందురు. అట్టి గాలి ఒకవైపున జొచ్చి లోనుండి కప్పును పైకెత్తును. ఏటివైపు కిటికీలకు దిట్టమైన కొయ్యరెక్కలును, ఇనుపగడియలును పెట్టించి, ఆశ్వయుజమున ఒకమారు మడతబందులకు నూనె వేయుట యీ ప్రాంతమువారికి తగిన పని.