నాన్న నొప్పికి కూడా ఒక టైముంది

ఈరోజు పంట సంగతి కాదు, మా నాన్న సంగతి చెప్తాను.

మూడేళ్ల కిందట నాన్నకి కుడి భుజం పట్టేసింది. నాగలి పట్టిన చేయి కదా, వయసు నొప్పేలే అనుకున్నాం. మెడికల్ షాపులో బిళ్లలు తెచ్చి వేశాం. కడుపులో మంట మిగిలింది గానీ నొప్పి పోలేదు. "పొలానికి రాకుండా సాకులు చెప్పకు నాన్నా" అని ఒకసారి నోరు జారాను కూడా. ఏడాది తిరక్కుండా అదే చేయి వణకడం మొదలైంది. పార్కిన్సన్స్ అన్నారు.

వణుకుడు జబ్బు అనే మనకి తెలుసు. నొప్పి కూడా అందులో భాగమేనని, కొందరికి వణుకు కంటే ముందు భుజం నొప్పే వస్తుందని నాకప్పుడు తెలీదు. మెదడులో డోపమైన్ తగ్గేకొద్దీ కండరాలు బిగుసుకుంటాయి. ఆ బిగుతే నొప్పి పెడుతుంది.

మందులతో భుజం కొంత సర్దుకుంది. కానీ ఈమధ్య తెల్లవారుజామున పాదం మెలిదిరిగిపోయి, వేళ్లు ముడుచుకుని నాన్న అల్లాడిపోయేవారు. డాక్టరుగారు "నొప్పి ఎన్నింటికి వస్తోంది?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. మోటారుకి త్రీఫేజ్ కరెంటు ఎప్పుడొచ్చిందో, ఎప్పుడు పోయిందో రాసుకునే మనిషిని నేను!

వారం రోజులు నోటుబుక్కులో రాశాను. మాత్ర వేసిన టైము, అన్నం తిన్న టైము, నొప్పి వచ్చిన టైము. రాత్రి 8కి వేసిన లెవోడోపా బలం తెల్లారేసరికి దిగిపోతోంది, అప్పుడే పాదం పట్టేస్తోంది. గుడ్డో పప్పో తిన్న వెంటనే వేస్తే మాత్ర సరిగా పట్టడం లేదు. మాంసకృత్తులు ఆ మందుకి అడ్డం పడతాయట. డాక్టరుగారు మాత్రల వేళలు మార్చారు, తిండికి అరగంట ముందు వేయమన్నారు, రోజూ నడక, కాళ్లు సాగదీసే వ్యాయామం చెప్పారు. నొప్పి పూర్తిగా పోలేదు. కానీ చాలా రాత్రులు నిద్రపోతున్నారు.

ఒక జాగ్రత్త. మన గట్ల మీద దొరికే దూలగొండి గింజల్లో లెవోడోపా ఉన్నమాట నిజమే. అలాగని పొడి కొట్టి పెట్టకండి. గింజలో ఎంతుందో కొలత తెలీదు, మాత్రకి తోడైతే మోతాదు మించిపోతుంది. మాత్రలు మీ అంతట మీరు ఆపకండి కూడా.

మొన్న కాళ్లు పిసుకుతుంటే నాన్న అన్నారు, "ఆరోజు సాకు కాదురా" అని. ఏం చెప్పను?

మీ ఇంట్లో పెద్దవాళ్లు నొప్పి అంటే నమ్మండి. టైము రాయండి. ఆ కాగితం డాక్టరుకి చూపించండి.